పుర్రె గుర్తు, నీలం మరకలు: పత్తి రైతుల కోసం చేసిన బొమ్మల కేస్ స్టడీ

బొమ్మలతో విషయం చెప్పడం నా వృత్తి. ఆరోగ్యం, వ్యవసాయం, తాగునీరు లాంటి వాటి మీద స్వచ్ఛంద సంస్థలకు పోస్టర్లు, ఫ్లిప్‌చార్టులు, గోడ బొమ్మలు చేసిపెడుతుంటాను. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది "బొమ్మ జనానికి అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి?" అని. దానికి పద్ధతులున్నాయి, నేర్చుకోవచ్చు. బొమ్మ అర్థమయ్యాక కూడా మనిషి తన పాత పద్ధతిలోనే ఎందుకు ఉండిపోతాడన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న. ఈ కేసులో ఆ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా ఎదురయ్యాయి కాబట్టి రాసి పెడుతున్నాను. మండలం, సంస్థ, మనుషుల ఆనవాళ్లు తీసేశాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో నల్లరేగడి నేలల్లో పత్తి వేసే ఒక మండలం. వాన మీద ఆధారపడ్డ సాగు. జులై నుంచి అక్టోబరు దాకా ఏ చేను వైపు చూసినా వీపున పంపు తగిలించుకున్న మనిషి కనిపిస్తాడు. చేతి పంపులు తగ్గి బ్యాటరీ స్ప్రేయర్లు, తైవాన్ పంపులు పెరిగాయి. చిన్న రైతు తన చేనుకు తనే మందు కొట్టుకుంటాడు. భార్య నీళ్లు మోసి, డ్రమ్ములో మందు కలిపి, ట్యాంకు నింపుతుంది. భూమి కాస్త ఎక్కువ ఉన్నవాళ్లు కూలీని పెట్టుకుంటారు, ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుంటారు. అందుకని కూలీకి ఎంత తొందరగా కొడితే అంత గిట్టుబాటు. "నిదానంగా కొట్టండి" అని చెప్పే బొమ్మ ఏదైనా ఇతని జేబుకు ఎదురు వెళ్తుంది.

2017 వానాకాలంలో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ సుమారు 20 మంది రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ ఏడాది పత్తి మొక్కలు బాగా ఏపుగా పెరగడంతో కొట్టిన మందు ముఖానికీ ఛాతీకీ తగిలిందని అప్పట్లో చెప్పిన కారణాల్లో ఒకటి. యవత్మాల్ మన ఆదిలాబాద్‌కు సరిహద్దు జిల్లా. ఆ వార్తలతో ఇక్కడి పల్లెల్లోనూ టెన్షన్ మొదలైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు, ఈ మండలంలో రైతులతో పనిచేస్తున్న ఒక సంస్థ మందు కొట్టేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తల మీద బొమ్మలు కావాలని నన్ను పిలిచింది.

సంస్థలోనే దీని మీద ఒక వాదన నడిచింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల లాంటి ఊళ్లు 2000ల మొదట్లోనే పురుగుమందులు మానేసి చూపించాయి కదా, ఇప్పుడు "జాగ్రత్తగా కొట్టండి" అని బొమ్మ వేస్తే "కొట్టండి" అని మనమే చెప్పినట్టు అవుతుందని కొందరు అన్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. బొమ్మలో "వద్దు" అనే మాట ఉండదు. ఏది గీస్తే అది జరుగుతున్నట్టే కనిపిస్తుంది. కానీ రేపు పొద్దున పంపు ఎత్తుకోబోయే మనిషికి ఈ రోజు మనం ఏమీ చెప్పకుండా ఉండలేం. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం: పచ్చగా ఏపుగా ఉన్న చేలో నవ్వుతూ మందు కొడుతున్న మనిషిని ఏ బొమ్మలోనూ చూపించకూడదు. అది కంపెనీల ప్రకటనల బొమ్మ. దాన్ని మనం గీస్తే పక్కన ఏ జాగ్రత్త రాసినా ప్రకటనే గెలుస్తుంది.

సమస్య

సంస్థ రాసిచ్చిన కాగితంలో సమస్య ఒక్క వాక్యంలో ఉంది: రైతులకు అవగాహన లేదు. ఇలాంటి వాక్యంతో పని మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు. అవగాహన లేదంటే ఏది తెలియదు, ఏది తెలుసు, తెలిసినదాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారు అన్నవి అందులో ఉండవు. అందుకే కొత్త బొమ్మ గీయకముందు, వాళ్ల చేతిలో ఇప్పటికే ఉన్న బొమ్మను వాళ్లతోనే చదివించాం. అది డబ్బా మీది లేబుల్.

1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం ప్రతి పురుగుమందు లేబుల్ మీద మూలల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉండాలి. దాని కింది సగంలో రంగు ఉంటుంది: ఎరుపు అయితే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివరగా ఆకుపచ్చ. పై సగంలో హెచ్చరిక మాట. ఎరుపు రకానికి పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉంటుంది. ఈ మొత్తం గుర్తుకు లేబుల్ ముఖంలో కనీసం పదహారో వంతు చోటిస్తే చాలు. సిగరెట్ పెట్టె మీద 2016 నుంచి బొమ్మ హెచ్చరికకు 85 శాతం చోటు ఇవ్వాల్సి వస్తోంది. కంపెనీ చెప్పదలచుకున్నదానికి ఎంత చోటు, ప్రభుత్వం చెప్పదలచుకున్నదానికి ఎంత చోటు అన్నది ఈ రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

రైతులకు ఆ రంగులు తెలియకపోవడం అంటూ లేదు. బాగా తెలుసు. కాకపోతే వాటిని పవర్ లెక్కగా చదువుతున్నారు. ఎరుపు అంటే గట్టి మందు. ఆకుపచ్చ అంటే చప్పటి మందు, లేదా చేను పచ్చబడడానికి కొట్టే టానిక్ లాంటిది. గులాబీ పురుగు మీద పడ్డప్పుడు షాపులో ఉద్దెరకు తెచ్చుకునే మనిషి ఆ లెక్కలో దేన్ని కోరుకుంటాడో చెప్పక్కర్లేదు. ఒక పెద్దాయన మాట నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "పుర్రె ఉంటేనే పురుగు సస్తది సారూ." పుర్రె బొమ్మ ఆయనకు నూటికి నూరుపాళ్లు అర్థమైంది. ప్రమాదం అని గీసిన గుర్తును ఆయన నాణ్యత ముద్రగా తీసుకున్నాడు. విషం ఎంత బలమైనదో ఆ బొమ్మ నిజంగానే చెబుతోంది మరి. ఆ బలం ఎవరి మీద పడుతుందో చెప్పదు.

పైగా అదే డబ్బా కడిగి ఇంట్లో వాడుకునే అలవాటు ఉంది. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు, వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తేలింది. ఆ మందు డబ్బాలో నూనె పోసి ఉంచి ఉంటారని అప్పట్లో చెప్పారు. రోజూ కళ్ల ముందుండే గుర్తును కొన్నాళ్లకు కళ్లు చూడడం మానేస్తాయి.

మొదట పరీక్షించినవి, అవి ఎక్కడ తప్పాయి

సంస్థ దగ్గర అప్పటికే ఒక పోస్టర్ అచ్చువేసి ఉంది. నేల మీద పడిపోయిన రైతు, పక్కన మందు డబ్బా, ఏడుస్తున్న భార్యాబిడ్డలు. భయపెడితే వింటారన్నది దాని వెనక ఆలోచన. దాన్ని తీసిపారేసే ముందు ఊళ్లో చూపించి వినాలనుకున్నాం. అక్షరాలు కాగితంతో కప్పేసి, "ఇక్కడ ఏమైంది?" అని మాత్రమే అడిగాం.

మనిషి తర్వాత మనిషి ఒకటే కథ చెప్పారు. అప్పుల పాలై మందు తాగాడు. ఒకామె ఏ బ్యాంకు అప్పో ఏ షావుకారు అప్పో అని కూడా ఊహించింది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తి దెబ్బతిని రైతుల ఆత్మహత్యలు జరిగినప్పటి నుంచి పత్రికల్లో, ధర్నా ఫ్లెక్సీల్లో, ఎన్నికల కరపత్రాల్లో ఇదే దృశ్యం తిరుగుతోంది. రైతు, డబ్బా, శవం అనే మూడూ ఒకే చట్రంలో కనిపిస్తే ఈ నేల మీద దానికి ఒక అర్థం ముందే స్థిరపడిపోయింది. మందు కొడుతూ చనిపోయాడు అన్న కొత్త అర్థాన్ని అందులో ఇరికించడం మన చేతిలో లేదు. కింద పెద్ద అక్షరాలతో రాసినా చదవగలిగినవాళ్లే మొదట ఆత్మహత్య అనుకుని, తర్వాత చదివి, "ఓహో" అన్నారు. బొమ్మకూ రాతకూ గొడవ వస్తే ముందు కంటికి ఆనిన బొమ్మదే పైచేయి.

ఆత్మహత్య అనే అడ్డంకి లేకపోయినా ఆ పోస్టర్ నడిచేది కాదని నా అంచనా. భయం మీద జరిగిన పరిశోధనలో 1992లో కిమ్ విట్టే ప్రతిపాదించిన నమూనా మా రంగంలో అందరికీ తెలిసినదే. భయంతో పాటు "నేను చేయగలిగింది ఇది, చేస్తే ఫలితం ఉంటుంది" అన్న నమ్మకం కూడా కలిగితే మనిషి ప్రమాదాన్ని తగ్గించుకునే పని చేస్తాడు. ఆ నమ్మకం లేకుండా భయం ఒక్కటే కలిగితే ఆ భయాన్ని వదిలించుకునే పని చేస్తాడు: చూపు తిప్పుకుంటాడు, నవ్వేస్తాడు, అది వేరేవాళ్ల సంగతి అంటాడు. ఈ పోస్టర్‌లో రైతు చేయగలిగిన పని ఒక్కటీ లేదు. చచ్చిపోవడం తప్ప.

తర్వాత అంతర్జాతీయంగా వాడే చిన్న గుర్తుల వరస తీసుకున్నాం: గ్లౌజు వేసిన చెయ్యి, బూటు, మాస్కు, నల్లా కింద కడుగుతున్న చేతులు. ఇవి 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), పురుగుమందుల పరిశ్రమ కలిసి తయారుచేయించిన రకం. వీటి మీద నాకు గౌరవం ఉంది. చదువురానివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. వాటిని ఎంచుకోవడానికి మాకున్న కారణం కూడా సరైనదే, ఎందుకంటే డబ్బాల మీద కనిపించే గుర్తులనే పోస్టర్‌లో నేర్పితే ఒకదానికొకటి బలమవుతాయి.

ఊళ్లో ఏమైందంటే, ఒంటరిగా ఉన్న చెయ్యి చూసి "చెయ్యి తెగిందా?" అన్నారు. నల్లా బొమ్మ చూసి "మిషన్ భగీరథ నల్లా" అన్నారు. అది సరైన జవాబే గానీ పొలం గట్టున నల్లా ఎక్కడిది? అక్కడ ఉండేది బిందె, బకెట్, చెంబు. కాబట్టి ఆ గుర్తు ఇంటికొచ్చాక చేసే పనిలా అర్థమైంది. కలిపిన వెంటనే, అన్నం మూట విప్పకముందు కడుక్కోవాలన్నది పోయింది. గుర్తుల వరసను ఎడమ నుంచి కుడికి ఒక క్రమంగా చదివింది బడికి పోయినవాళ్లు మాత్రమే. మిగతావాళ్లకు నాలుగు బొమ్మలు నాలుగు వేర్వేరు సంగతులు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది ఎర్ర ఇంటూ మార్కు. పంపు చివర మందు చిమ్మే నాజిల్‌లో చెత్త అడ్డం పడితే నోటితో ఊదడం ఇక్కడ మామూలు. అది చాలా ప్రమాదం. నోటితో ఊదుతున్న మనిషిని గీసి మీద ఎర్రగా ఇంటూ కొట్టాం. కలుపు తీసే గుంపులో ఒక పెద్దామె చూసి అడిగింది: "గీ గుర్తుకు ఓటెయ్యమంటున్నరా?" నవ్వులాట కాదు, నిజంగానే అడిగింది. పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ కాగితం మీద మనకు కావలసిన బొమ్మ మీదనే కదా అడ్డగీతల ముద్ర వేసేది. ఆమె జీవితంలో ఒక బొమ్మ మీద అలాంటి గుర్తు పడ్డది అక్కడే. తప్పు అన్న అర్థం బడిలో మాస్టారు కొట్టిన ఇంటూతో వస్తుంది, ఆమె బడికే పోలేదు.

గుర్తుల అవగాహనను కొలవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ అన్సీ పెట్టిన గీటురాయి ఒకటుంది: చూసినవాళ్లలో 85 శాతం మందికి సరిగ్గా అర్థమవాలి, తలకిందులుగా అర్థం చేసుకునేవాళ్లు 5 శాతం మించకూడదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కాస్త ఉదారంగా 67 శాతం చాలని చెప్పింది. నేనైతే ఆ 5 శాతం అంకెనే ఎక్కువ పట్టించుకుంటాను. బొమ్మ అర్థం కాకపోతే మనిషి పాత పద్ధతిలోనే ఉంటాడు. తలకిందులుగా అర్థమైతే మనమే అతన్ని ప్రమాదంలోకి తోసినట్టు. ఆమె మాట విన్నాక ఇంటూ మార్కును మొత్తం ప్రాజెక్టు నుంచి తీసేశాం. చేయకూడని పనిని గీయడమే మానేశాం. నోటితో ఊదే మనిషి బదులు పాత టూత్‌బ్రష్‌తో నాజిల్ శుభ్రం చేస్తున్న మనిషి వచ్చాడు.

ఇంకొక ప్రయత్నం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. లేబుల్ కోరినట్టు తల నుంచి పాదాల దాకా రక్షణ దుస్తుల్లో ఉన్న రైతును గీశాం. "కరోనా డ్యూటీకి పోయేటోని లెక్క ఉన్నడు" అన్నారు. అంతే. ఆ బొమ్మలో ఉన్నది తాము కాదు.

దారి ఎక్కడ మారింది

"ఈ బొమ్మలో ఉన్నది ఎవరు?" అన్న ప్రశ్నను అక్కడి నుంచి ప్రతి పరీక్షలో మొదట పెట్టాం. "ఏమి అర్థమైంది?" అనేదాన్ని రెండోదిగా, "రేపు దీన్ని బట్టి ఏమి చేస్తావు?" అనేదాన్ని మూడోదిగా మార్చాం. మొదటి ప్రశ్నకు "మందు తాగినాయన", "కంపెనీ మనిషి", "ఆస్పత్రాయన" అని వస్తే మిగతా రెండు అడగకపోయినా ఫలితం తెలిసిపోతోంది.

ఈ మాటల్లోనే ఇంకో సంగతి బయటపడింది. మందు విషమని అందరికీ తెలుసు. అది తాగితేనో, వాసన ముక్కులోకి పోతేనో ఎక్కుతుందని నమ్మకం. అందుకే ముక్కుకు తువ్వాల కట్టుకుంటారు, చేతులతో మాత్రం మందు కలుపుతారు. నిజానికి మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి విషం ఎక్కువగా చర్మం ద్వారానే పోతుంది. చిక్కటి మందు కలిపేటప్పుడు చేతుల నుంచి, ట్యాంకు మూత కారితే వీపు నుంచి, తడిసిన పత్తి మొక్కల మధ్య నడిచేటప్పుడు తొడల నుంచి. చెమటతో తడిసిన చొక్కాకూ మందుతో తడిసిన చొక్కాకూ కంటికి తేడా కనపడదు. కాసేపట్లో రెండూ ఆరిపోతాయి. ఇన్నాళ్లూ మా బొమ్మలు "ప్రమాదం" అని అరుస్తూనే ఉన్నాయి. ఆ ప్రమాదం ఒంటి మీద ఎక్కడ వాలుతోందో ఒక్కటీ చూపించలేదు.

అమెరికన్ తత్వవేత్త చార్ల్స్ శాండర్స్ పర్స్ గుర్తులను మూడు రకాలుగా విడదీశాడు: పోలిక వల్ల అర్థమయ్యేవి, ఒప్పందం వల్ల అర్థమయ్యేవి, అసలు వస్తువు వదిలివెళ్లిన జాడ వల్ల అర్థమయ్యేవి. పుర్రె ఒప్పందం. గ్లౌజు బొమ్మ పోలిక. పొలంలో అడుగు ముద్ర చూసి పంది వచ్చి పోయిందని రైతు చెప్పడం మూడో రకం. జాడతో ఎవరూ వాదించరు, ఎందుకంటే దాన్ని ఎవరో గీసి చెప్పలేదు, జరిగినదే మిగిల్చింది. పొగాకు పెట్టెల మీద కూడా ఈ తేడా కనిపిస్తుంది. 2009లో గుట్కా ప్యాకెట్ల మీద తేలు బొమ్మ వేశారు. గుట్కాకూ తేలుకూ ఏం సంబంధమో ఒకరు విడమరిచి చెబితే తప్ప తెలియదు. 2011 చివర్లో దాని స్థానంలో నోటి క్యాన్సర్ ఫొటోలు వచ్చాయి.

మాకు కావలసింది జాడ. ట్యాంకులో మందు బదులు రంగు నీళ్లు పోసి, తెల్లబట్టలు వేసుకున్న మనిషితో కొట్టించి, మరకలు ఎక్కడ పడ్డాయో చూపించే అభ్యాసం రైతు పొలంబడుల్లో పాతదే. దాన్ని ఒక గంట ప్రదర్శనగా వదిలేయకుండా, బొమ్మలకు ముడిసరుకుగా వాడుకోవాలన్నదే మేం చేర్చిన ఆలోచన.

రంగు ఎంచుకోవడంలో చాలా చర్చ జరిగింది. ఎరుపు బాగా కనిపిస్తుంది గానీ తెల్లచొక్కా మీద రక్తంలా ఉంటుంది, హత్య గుర్తొస్తుంది. పలచబడితే హోలీ. పసుపు అసలే వద్దు. మన ఇళ్లలో ఒంటికి పసుపు అంటడం శుభం, గాయానికి పసుపు పెడతాం. ఆకుపచ్చ పత్తి ఆకు పసరులో కలిసిపోతుంది. నీలం మిగిలింది. అందరికీ తెలిసిన బట్టల నీలమే, కాస్త గట్టిగా కలిపాం. నీలం మరక ఈ ఊళ్లో దేనికీ గుర్తు కాదు. అదే దాని బలం. ఖాళీగా ఉన్న రంగులో మన అర్థం నింపుకోవచ్చు.

ఊళ్లో రోజూ మందు కొట్టే ఒకతను ముందుకొచ్చాడు. తెల్ల లాల్చీ పైజామా వేసుకుని, చేతులకు తెల్లటి గుడ్డ చుట్టుకుని, తన చేలోనే, తన పంపుతోనే, ఎప్పటిలాగే కొట్టాడు. గట్టు మీద చాలామంది నిలబడి చూశారు. దిగేసరికి రెండు తొడలూ మోకాళ్ల దాకా నీలం. వీపు మీద మూత కారిన చార. చేతి గుడ్డలైతే ముంచి తీసినట్టున్నాయి. అతని భార్య ఆ వీపు చూసి, "ఇన్ని రోజులు గింతగనం పడుతున్నదా? గా బట్టలు నేనే ఉతుకుతున్న" అంది. ఈ ఒక్క మాటతో పోస్టర్ ఎవరి కోసమో కూడా తేలిపోయింది. అప్పటిదాకా అన్ని బొమ్మల్లోనూ మగమనిషే ఉన్నాడు. కలిపేదీ ఉతికేదీ ఆడవాళ్లు. వాళ్లకు ఆ బొమ్మల్లో చోటే లేదు.

బొమ్మగా మార్చేటప్పుడు తీసుకున్న నిర్ణయాలు

మనిషి ఫొటో పెట్టాలా, బట్టల ఫొటో పెట్టాలా? మనిషిని పెడితే ముఖం కనిపించి "ఫలానా ఆయన" అవుతుంది, పక్క ఊరికి పోతే ఎవరో పరాయివాడు అవుతాడు. ముఖం కత్తిరిస్తే తెగిన చెయ్యి లాంటి గొడవే మళ్లీ వస్తుంది. అందుకని ఆ బట్టలను దండెం మీద ఆరేసి ఫొటో తీశాం. దండెం మీది చొక్కాకు తల లేకపోయినా ఎవరికీ వింతగా అనిపించదు. అది ఎవరి చొక్కా అయినా కావచ్చు. ఇంటి ఆడవాళ్లు రోజూ చూసే దృశ్యం కూడా. ఫొటోలో వెనక ఉన్న ఇల్లు, చెట్లు, గేదె అన్నీ తీసేశాం. 1976లో యునిసెఫ్ కోసం నేపాల్ పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనంలో, వెనక దృశ్యం తీసేసిన ఫొటోలు, నీడలతో వివరంగా గీసిన బొమ్మలు పల్లెవాళ్లు సులభంగా గుర్తుపట్టారని, మరీ సరళం చేసి గీతల్లోకి దించిన బొమ్మలు కష్టమయ్యాయని తేలింది. మనలాంటి డిజైనర్లకు సరళత అంటే పిచ్చి ఇష్టం కాబట్టి ఈ ఫలితాన్ని గుర్తుచేసుకుంటూ ఉండాలి.

భయం ఒక్కటే మిగలకూడదు కాబట్టి పక్కన ఇంకో జత పెట్టాం. మూత వాషర్ మార్పించి, నడుముకు ప్లాస్టిక్ పట్టా (షీటు) కట్టుకుని, చేతులకు గ్లౌజులు వేసుకుని అదే మనిషి కొట్టినప్పటి బట్టలు. మరకలు చాలా తగ్గాయి. ఇక్కడ ఊహించని చిక్కు వచ్చింది. ఒకవైపు మరకల చొక్కా, ఒకవైపు తెల్లచొక్కా చూసి జనం "సబ్బు పొడి అడ్వర్‌టైజ్‌మెంటు" అన్నారు. టీవీలో ఇలాంటి జత ఎన్నిసార్లు చూశారో లెక్కేముంది. దీన్ని రెండు రకాలుగా సరిదిద్దాం. రెండు జతల కిందా అదే పంపును, పారదర్శకమైన ట్యాంకులో అదే నీలం నీళ్లతో, పెద్దగా పెట్టాం. మరక ఎక్కడి నుంచి వచ్చిందో కంటికి తోవ దొరికింది. రెండోది, పక్క జత మీద మిగిలిన మరకలను చెరపకుండా ఉంచాం. ప్రకటనలో అయితే మరక పూర్తిగా పోతుంది. ఇక్కడ పోలేదు, పోయిందని చూపిస్తే అబద్ధం కూడా. ఆ మిగిలిన మరకలే బొమ్మను నమ్మించాయని తర్వాత మాటల్లో తేలింది.

ప్లాస్టిక్ పట్టా విషయంలో వ్యవసాయ నిపుణుడికీ నాకూ కుదరలేదు. లేబుల్ కోరిన రక్షణ కంటే తక్కువ చూపించడం తప్పని ఆయన వాదన. పూర్తి రక్షణ దుస్తులు వేసుకుని ఆగస్టు ఉక్కపోతలో ఎవరూ మందు కొట్టరని నా వాదన. చివరికి ఇలా ఒప్పుకున్నాం: చిక్కటి మందు కలిపే చోట రాజీ లేదు, నైట్రైల్ అనే రబ్బరు రకం గ్లౌజులే చూపించాలి. గుడ్డ గ్లౌజులు మందును పీల్చి చర్మానికే అంటిపెట్టి ఉంచుతాయి, అవి లేకపోవడం కంటే అన్యాయం. కొట్టే చోట మాత్రం ఊళ్లో దొరికేవాటితో ఎంత వీలైతే అంత. ఆయన పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను.

కలిపే డ్రమ్ము కోసం వేరే బొమ్మ. చీర కొంగు నడుముకు చుట్టి, గ్లౌజులతో పొడవాటి కర్ర పట్టుకుని మందు కలుపుతున్న ఆడమనిషి, తల నుంచి పాదాల దాకా. దీన్ని గోడ మీద పెట్టలేదు. పంచాయతీ గోడ దగ్గర ఎవరూ మందు కలపరు. స్టిక్కర్‌గా చేసి డ్రమ్ము మీదే, కలిపే మనిషి నిలబడే వైపు అతికించాం. మొదటి స్టిక్కర్లు కొద్ది రోజుల్లోనే చెరిగిపోయాయి, ఎందుకంటే చాలా మందుల్లో కలిపే ద్రావకాలు ప్రింటు రంగును కరిగించేస్తాయి. లామినేషన్ చేసిన వినైల్‌కు మారాక నిలబడ్డాయి. నాజిల్ కోసం చివరికి బొమ్మ పెట్టలేదు. పాత టూత్‌బ్రష్ ఒకటి దారంతో ట్యాంకు పట్టీకి కట్టేశాం. వస్తువే చేతికి అందుతున్నప్పుడు దాని బొమ్మతో పని లేదు.

ఫలితం

ఎంతమందికి విషప్రభావం తగ్గిందన్నది కొలిచే వైద్య ఏర్పాటు ఈ ప్రాజెక్టులో లేదు. మేం చూసింది వస్తువులను. అడిగితే అందరూ "గ్లౌజులు వేసుకుంటున్నాం" అంటారు, కాబట్టి అడగలేదు. తర్వాతి సీజన్లో సంస్థ కార్యకర్తలు చేల గట్ల మీద తిరుగుతూ డ్రమ్ము పక్కన కర్ర ఉందా, ట్యాంకుకు బ్రష్ వేలాడుతోందా, మూత దగ్గర వీపు తడిగా ఉందా అన్నవి గమనించారు. కర్ర దాదాపు ప్రతిచోటా కనిపించింది. షాపుల్లో మూత వాషర్లు అడిగి కొంటున్నారని డీలర్లే చెప్పారు. నడుముకు పట్టా సొంత చేను రైతుల్లో కొంతవరకు వచ్చింది, ట్యాంకు లెక్కన పనిచేసే కూలీల్లో అసలు రాలేదు. అది నడకను ఆపుతుంది, నడక ఆగితే కూలి తగ్గుతుంది. గ్లౌజులు ఉచితంగా ఇచ్చినన్ని రోజులు నడిచాయి.

మరకల పోస్టర్ గురించి ఎక్కువ మాట్లాడింది ఆడవాళ్లే. "ఆ బట్టలు వేరుగా నానబెడుతున్న" అన్న మాట చాలా ఇళ్లలో వినిపించింది. అది మేం ఏ బొమ్మలోనూ చెప్పలేదు. దండెం చూసి వాళ్లే తీర్మానించుకున్నారు.

ఈ పనికి వచ్చే మిత్రులకు

బొమ్మ గీయకముందు ఆ ఊళ్లో జనం ఇప్పటికే ఏ బొమ్మలు చూస్తున్నారో తెలుసుకోండి. పత్రికలు, ఫ్లెక్సీలు, బ్యాలెట్ కాగితం, టీవీ ప్రకటనలు. మనం వేసేది తెల్లగోడ మీద పడదు, వీటన్నిటి మీద పడుతుంది. ఈ కేసులో చెడిపోయిన ప్రతి బొమ్మా దీనివల్లే చెడిపోయింది. పరీక్షించేటప్పుడు రాతను కప్పి చూపించండి. "ఎవరు?" అని ముందు అడగండి. అర్థమైందా అన్నదానికీ చేస్తావా అన్నదానికీ వేర్వేరు మార్కులు వేయండి, రెండూ కలిపి ఒక సగటు తీయకండి. పుర్రెకు మొదటిదాంట్లో నూరు, రెండోదాంట్లో సున్నా. కలిపితే యాభై వచ్చి ఫర్వాలేదనిపిస్తుంది.

బొమ్మకు లొంగని సంగతి ఒకటి ఈ ప్రాజెక్టులో అలాగే మిగిలింది. మందు కొట్టిన చేలోకి కొంత సమయం దాకా ఎవరూ దిగకూడదు. కలుపు తీసే ఆడవాళ్లు వేరే వాడల నుంచి వస్తారు, నిన్న ఏ చేలో కొట్టారో వాళ్లకు తెలియదు. ఆగడాన్ని ఎలా గీస్తాం? సూర్యుడు, చంద్రుడు, మళ్లీ సూర్యుడు అని వరసగా గీసి చూశాం, పొద్దుటి నుంచి రాత్రి దాకా పని చేయాలని చదివారు. గట్టున ఎర్రజెండా పాతుదామంటే అది ఇక్కడ వేరే కథ. చివరికి ఆ పనిని బొమ్మకు అప్పగించలేదు. మందు కొట్టిన రైతు ఆ సాయంత్రమే కూలీల గుంపును తీసుకొచ్చే ఆమెకు ఫోన్ చేసి ఫలానా చేను అని చెప్పాలి, ఆమె మర్నాటి గుంపును వేరే చేనుకు మళ్లించాలి. సంస్థ ఇప్పుడు ఆ ఫోన్ నంబర్ల జాబితా తయారుచేస్తోంది.